చలికాలపు రాత్రులలో కయోటీని పిలిచి వేటాడటం: గాలి, కూత, గుర్తింపు

గోధుమచేను (హేస్ సమీపం, పశ్చిమ కాన్సాస్):
సభ్యులకు నమస్కారం. మా ఇంటికి పడమరగా ఆవులను పెంచే ఒక రైతు తన పొలంలో రాత్రివేళ కయోటీలను (నక్క కంటే పెద్దవి, తోడేలు కంటే చిన్నవి అయిన ఇక్కడి కుక్క జాతి అడవి జంతువులను) వేటాడేందుకు నాకు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు. ఫిబ్రవరిలో ఆయన ఆవులు ఈనడం మొదలవుతుంది. మావిని తినడానికి దొడ్డి దాకా వచ్చే కయోటీలు క్రమంగా బలహీనంగా పుట్టిన దూడల మీద పడతాయన్నది ఆయన భయం. పగటివేళ కూతలతో దగ్గరకు పిలిచి వేటాడటం నాకు తెలుసు గానీ, రాత్రి వేట పూర్తిగా కొత్త.

పొలం అమరిక ఇది. మొత్తం ఒక చదరపు మైలు. ఉత్తరార్ధంలో కోసిన జొన్న మోళ్లు, దక్షిణార్ధంలో జానెడు కూడా ఎదగని పచ్చ గోధుమ. రెండింటికీ మధ్య పడమర నుంచి తూర్పుకు ఒక ఎండు వాగు, దాని గట్ల మీద కాటన్‌వుడ్ చెట్లు, పొదలు ఉన్నాయి. తూర్పు సరిహద్దు వెంట కంకర రోడ్డు పోతుంది. ఇల్లు, కొట్టం, ఈనే ఆవుల దొడ్డి ఆగ్నేయ మూలలో ఉన్నాయి. పడమరకు పోయేకొద్దీ నేల మెల్లగా పైకి లేస్తుంది. ఈ కాలంలో గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది, కానీ మంచు తుఫానుకు ముందు దక్షిణానికి మళ్లుతుంది. ఎక్కడ కూర్చోవాలి, కాలర్ యంత్రాన్ని (రికార్డు చేసిన జంతువుల కూతలు వినిపించే స్పీకరును) ఎక్కడ పెట్టాలి, ఏ కూత ముందు వేయాలి, లైటు సరిపోతుందా లేక ఒంటి వేడిని బట్టి చీకటిలో జంతువును చూపే థర్మల్ స్కోప్ తప్పదా, ఈ నాలుగూ చెప్పగలరు.

నిబంధన (ఓవర్లాండ్ పార్క్, కాన్సాస్):
కూతల కంటే ముందు కాగితాలు చూసుకోండి. కాన్సాస్‌లో కయోటీకి మూసివేత కాలం లేదు, వేట లైసెన్సు ఉంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. అయితే రాత్రి చూపునిచ్చే పరికరాల సంగతి వేరు. 2021లో రాష్ట్ర వన్యప్రాణి శాఖ లైటు, నైట్ విజన్, థర్మల్ పరికరాలకు మొదటిసారి అనుమతి ఇచ్చినప్పుడు దానిని కయోటీకి మాత్రమే, జనవరి 1 నుంచి మార్చి 31 వరకు మాత్రమే పరిమితం చేసి, లైసెన్సుకు తోడుగా ఒక ప్రత్యేక పర్మిట్ పెట్టింది. శాఖ నిర్వహించే భూములలోనూ, శాఖ ప్రైవేటు రైతుల నుంచి తీసుకుని వేటకు తెరిచిన భూములలోనూ ఈ పర్మిట్ చెల్లదు. ఈ పరికరాలు వాడుతున్నప్పుడు వాహనం నుంచి వేటాడటమూ కుదరదు. ఇలాంటి నియమాలు సంవత్సరానికొకసారి మారుతుంటాయి కాబట్టి, పర్మిట్ కొనే రోజున శాఖ ప్రకటించిన ఆ యేటి నియమావళిని ఒకసారి చదవండి. 1957 జూలై 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ ధ్రువపత్రం కూడా అవసరం.

మన చర్చలలో ఎక్కువ మంది పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ తమ వద్ద ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం దానికి ఒక మినహాయింపు. లైసెన్సు గడువు తీరిన మరునాడు మినహాయింపు కూడా పోతుంది; అప్పుడు తుపాకీ బీరువాలో ఉన్నా అది నేరమే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. మీ వీసా ఏదో నేను అడగడం లేదు, కానీ ఇది చదివే వారిలో సగం మందికి ఇది అవసరమని నా అంచనా.

ఎండువాగు (శాన్ ఆంజెలో, టెక్సాస్):
గోధుమచేను గారూ, మీరు అమరికను ఇంత స్పష్టంగా చెప్పడం వల్ల సమాధానం సులువయింది. కయోటీ పిలుపు విని వచ్చేటప్పుడు నేరుగా కూత దగ్గరకు రాదు. చాలా దూరంలోనే ఒక వైపుకు జరిగి, కూత వచ్చే చోటి మీదుగా వీచిన గాలి తన ముక్కుకు తగిలేలా, గాలి దిగువకు చుట్టు తిరిగి వస్తుంది. చెవి చెప్పినదానిని ముక్కుతో రుజువు చేసుకోనిదే అది నమ్మదు. కాబట్టి మీ ప్రశ్నను కాస్త మార్చుకోవాలి. అది ఏ వాగులోంచి లేస్తుందన్నది రెండో సంగతి. చివరి వంద గజాలలో గాలి దిగువకు ఎక్కడ చేరుతుంది, అక్కడ మీరు సురక్షితంగా కాల్చగలరా అన్నదే మొదటి సంగతి.

వాయవ్యపు గాలి ఉన్న రాత్రి అది వాగు నుంచో జొన్న మోళ్ల నుంచో బయలుదేరి, మీ కాలర్‌కు ఆగ్నేయంగా రావాలని చూస్తుంది. మీరు కాలర్‌ను వాగు పక్కనే పెట్టి, ఎదురుగాలికి ముఖం పెట్టి, దానికి ఆగ్నేయంగా కూర్చున్నారంటే పుస్తకం ప్రకారం అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ చుట్టు తిరుగుడులో కయోటీ మీ వెనుకకు, అంటే మీ వాసన పోయే వైపుకు వస్తుంది, ఆ వైపునే ఇల్లు, దొడ్డి ఉన్నాయి. వాసన తగిలి పారిపోయినా నష్టమే, పారిపోకుండా నిలబడినా మీరు కాల్చలేరు.

నేనైతే ఇలా చేస్తాను. రోడ్డుకు రెండు మూడు వందల గజాలు పడమరగా, వాగుకు అంతకంటే కాస్త ఎక్కువ దూరం దక్షిణంగా, గోధుమ చేనిలో కూర్చుంటాను. కాలర్‌ను నాకు సూటిగా పడమర దిక్కున ఎనభై నుంచి వంద గజాల దూరంలో పెడతాను. అప్పుడు గాలి నాకు పక్కవాటుగా, కుడి బుగ్గ మీదుగా వస్తుంది. కాలర్‌కు ఆగ్నేయంగా రాదలచిన కయోటీ నాకు నైరుతిగా, పచ్చ గోధుమలో, చాటు లేని చోట బయటపడుతుంది. దానికి కాలర్ మీదుగా వచ్చే గాలి అందుతుంది గానీ నా మీదుగా వచ్చే గాలి అందదు. నా వాసన రోడ్డు మీదికి, ఇంటి వైపుకు పోతుంది. అటు నుంచి కయోటీ రావడం అరుదు, వచ్చినా వదిలేస్తాను. కాల్చే పరిధి నైరుతి నుంచి వాయవ్యం దాకా మాత్రమే. పడమరకు నేల పైకి లేస్తుందన్నారు, అది మీ అదృష్టం, తూటా ఆగడానికి వెనుక మట్టి ఉంటుంది.

పగలే వెళ్లి కూర్చునే చోట నిలబడి, ఎడమ హద్దు ఎక్కడో చూసి ఒక కర్ర పాతండి. చీకటిలో స్కోప్ లోంచి చూస్తూ ఒంటిని తిప్పుతూ పోతే దిక్కు తెలియదు, దొడ్డి ఎటు ఉందో మరచిపోవడానికి అర నిమిషం చాలు. తుపాకీని నిలిపే ట్రైపాడ్ ఎడమ కాలును ఆ కర్రకు ఆనించి, తుపాకీ దానిని దాటి తిరగకుండా చూసుకోండి.

దక్షిణపు గాలి ఉంటే ఈ అమరిక పనికిరాదు. అప్పుడు వాగుకు ఉత్తరాన, మోళ్లలో, ఇదే పద్ధతిని తలకిందులు చేసి కూర్చోవాలి, పొలంలోకి ప్రవేశం కూడా ఈశాన్య మూల నుంచి ఉండాలి. గాలి నిలకడగా లేని రాత్రి, గంటకు మూడు నాలుగు మైళ్ల లోపు ఉండి అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు, ఇంట్లో ఉండటమే మేలు. ఒకసారి వాసన పట్టి పారిపోయిన జంతువు ఆ కూతను ఆ సీజన్ అంతా నమ్మదు.

మంచునేల (ఫార్గో, ఉత్తర డకోటా):
పైన చెప్పిన పద్ధతిని నేనూ సమర్థిస్తాను. దానికి చలి సంగతులు కలుపుతాను, ఎందుకంటే రాత్రి వేట చెడేది ఎక్కువగా వీటివల్లే.

నిర్మలమైన చలి రాత్రులలో నేలకు దగ్గరి గాలి చల్లగానూ పై గాలి వెచ్చగానూ ఉండటం వల్ల శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం పాకుతుంది. మీరు పగలు వాడే శబ్ద స్థాయి రాత్రికి చాలా ఎక్కువ. ట్రక్కు తలుపు శబ్దం, ట్రైపాడ్ కాళ్లు తగులుకునే శబ్దం కూడా అదే దూరం పోతాయి. అన్నిటికంటే చెడ్డది పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన పెచ్చు మంచు. దాని మీద అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు వినిపిస్తుంది. కొత్తగా పడిన మెత్తటి మంచు ఉన్న రాత్రిని, లేదా నేల పొడిగా ఉన్న రాత్రిని ఎంచుకోండి. పెచ్చు మంచు తప్పకపోతే రైతు బండి చక్రాలు తొక్కిన జాడలో నడవండి.

లిథియం అయాన్ బ్యాటరీలు గట్టి చలిలో సామర్థ్యాన్ని బాగా కోల్పోతాయి. అదనపు బ్యాటరీలను లోపలి చొక్కా జేబులో, ఒంటి వేడికి ఆనించి ఉంచండి. కాలర్ రిమోట్‌లో మళ్లీ ఛార్జ్ చేయలేని లిథియం బ్యాటరీలు వేస్తే మామూలు ఆల్కలైన్ కంటే చాలా నయం. తుపాకీ బోల్టులో చిక్కటి గ్రీజు ఉంటే గడ్డకట్టి ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తుంది, ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలదు. పాత నూనెను తుడిచేసి అతి పలుచని పొర మాత్రమే ఉంచండి. వేట ముగిశాక రైఫిల్‌ను, స్కోప్‌ను నేరుగా వెచ్చటి గదిలోకి తేకండి. సంచిలో మూసి ఉంచి నెమ్మదిగా వేడెక్కనిస్తే తేమ సంచి మీద పడుతుంది, అద్దాల మీద పడదు.

గడ్డకట్టిన నేల మీద తూటా జారి ఎగిరే అవకాశం ఎక్కువ. అందుకే తగిలిన వెంటనే చితికిపోయే తేలికపాటి వార్మింట్ తూటాలనే వాడండి. .223 రెమింగ్టన్ గానీ .22-250 గానీ .243 విన్‌చెస్టర్ గానీ, ఈ తూటా రకాలలో ఏదైనా ఈ పనికి చాలు.

సాయంత్రం (ఫ్రిస్కో, టెక్సాస్):
నాది చిన్న ప్రశ్న. ట్రక్కులో హీటర్ వేసుకుని కూర్చుని, థర్మల్‌తో అద్దం లోంచి పొలమంతా ఒకసారి చూసి, జంతువు కనబడితేనే దిగవచ్చు కదా?

మంచునేల (ఫార్గో, ఉత్తర డకోటా):
చూడలేరు. థర్మల్ పరికరం పట్టుకునే దీర్ఘతరంగ పరారుణ కిరణాలను మామూలు గాజు అడ్డుకుంటుంది, మీకు అద్దం మీద మీ ముఖం వేడి మాత్రమే కనిపిస్తుంది. ఆ పరికరం కటకాలను జెర్మేనియంతో చేయడానికి, అది అంత ఖరీదు కావడానికి ఇది ఒక కారణం.

తోడుకూత (షెరిడన్, వయోమింగ్):
కూతల గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను. కయోటీ కూతలు అడ్డదిడ్డంగా ఉండవు. ఫిలిప్ లేనర్ అనే పరిశోధకుడు 1978లో వాటిని పదకొండు రకాలుగా వర్గీకరించారు. మనకు కావలసినవి మూడు నాలుగే: ఒంటరి కూత, గుంపుగా కూసే కూత, హద్దు మీరినవారిని బెదిరించే మొరుగుతో కలిసిన కూత, నొప్పితో పిల్ల కయోటీ పెట్టే కీచు. వీటికి తోడు ఎర జంతువుల ఆర్తనాదాలు, అంటే చెవులపిల్లి, పొల ఎలుక, వడ్రంగి పిట్ట వంటివి.

ఏ కూత వేయాలన్నది నెలను బట్టి నిర్ణయించుకోవాలి. శరత్కాలం నుంచి డిసెంబరు దాకా ఆ యేడు పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల నేలను విడిచి చెదరిపోతుంటాయి. అవి ఆకలితో ఉంటాయి, అనుభవం తక్కువ, చెవులపిల్లి అరుపుకు పరుగెత్తుకుని వస్తాయి. జనవరి నడిమికి వచ్చేసరికి ఆ అరుపును నమ్మినవి చాలావరకు మిగిలి ఉండవు, మిగిలినవి దానిని ఎన్నోసార్లు విన్నవే. అదృష్టవశాత్తు అప్పటికి జతకట్టే కాలం మొదలవుతుంది. జనవరి చివరి నుంచి మార్చి దాకా జంటలు తమ హద్దులను గట్టిగా కాచుకుంటాయి, దాదాపు 63 రోజుల గర్భం తరువాత ఏప్రిల్, మే నెలలలో పిల్లలు పుడతాయి. ఈ కాలంలో పరాయి ఆడకయోటీ ఒంటరి కూత, ఆ తరువాత పిల్ల కీచు, ఆహారపు కూత కంటే బాగా పనిచేస్తాయి. మీ రైతు ఆవులు ఈనేది కూడా సరిగ్గా ఈ కాలంలోనే. దొడ్డి చుట్టూ తిరిగేది ఆ నేలను సొంతం చేసుకున్న జంటే అయి ఉండవచ్చు, దానికి మీ కూత ఆకలి తీర్చేదిగా వినిపించనక్కరలేదు, తన ఇంటిలోకి వచ్చిన దొంగగా వినిపిస్తే చాలు.

అందుకే నా వరుస ఇలా ఉంటుంది. కూర్చున్నాక అయిదు నిమిషాలు ఏమీ వేయను, చుట్టూ చూస్తాను. మొదట అతి తక్కువ స్థాయిలో ఎలుక కీచు, ఎందుకంటే జంతువు రెండు వందల గజాలలోనే పడుకుని ఉండవచ్చు, ఒక్కసారిగా పెద్ద శబ్దం వేస్తే బెదిరిపోతుంది. తరువాత ఒకటి రెండు ఒంటరి కూతలు, ఆపై నిశ్శబ్దం. జవాబు వస్తే వెంటనే బదులు కూయను, ఎటు నుంచి వచ్చిందో, కదులుతోందో లేదో వింటాను. ఆ తరువాతే చెవులపిల్లి అరుపు, చివరి అయిదు నిమిషాలు పిల్ల కీచు. మొత్తం ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఫిబ్రవరిలో కూతలు వాడినప్పుడు అరగంట దాకా ఆగుతాను, ఎందుకంటే హద్దు కాచుకునే జంతువు ఆగి ఆగి వస్తుంది. బెదిరింపు కూతను కొత్తవారు ముట్టకపోవడం మంచిది, బలహీనమైన జంతువును అది తరిమేస్తుంది.

వాగులోంచి ఏడెనిమిది గొంతులు వినబడినా కంగారు పడకండి. రెండు కయోటీలు స్వరాన్ని వేగంగా మార్చుతూ కూస్తే పెద్ద గుంపులాగే వినిపిస్తుంది.

పక్కమాట ఒకటి. ఈ కళకు టెక్సాస్ పుట్టిల్లని అక్కడివారు చెప్పుకోవడంలో అతిశయోక్తి కొంతే. మార్బుల్ ఫాల్స్‌కు చెందిన బర్నమ్ సోదరులు నోటితో ఊదే పీకలను దేశమంతా అమ్మారు, వేకోకు చెందిన జానీ స్టూవర్ట్ నిజమైన జంతువుల అరుపులను రికార్డు చేసి గ్రామఫోను పళ్లేలుగా తెచ్చారు. ఈనాటి ఫాక్స్‌ప్రో కాలర్ యంత్రం ఆ పళ్లేల వంశమే. నేను ఇప్పటికీ మెడలో ఒక పీక వేసుకుంటాను. యంత్రం చలికి మూగబోయినప్పుడు అదే దిక్కు.

మందకాపరి (కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా):
ఈ చర్చను నేను మా ఊరి నుంచి చదువుతున్నాను. మా దగ్గర నక్కను గానీ తోడేలును గానీ వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తోడేళ్లు మా మందల మీద పడుతూనే ఉంటాయి. కాపరులు రాత్రంతా మంద దగ్గరే పడుకుని, కుక్కలను పెట్టుకుని, గొర్రె పిల్లలను గంపల కింద మూసి కాపాడుకుంటారు. మీ రైతు ఈనే ఆవులను ఇంటికి దగ్గరగా పెట్టుకుని, మావిని వెంటనే పూడ్చిపెట్టి, ఒక మంచి కుక్కను పెంచితే ఈ తుపాకీ, ఈ వేల డాలర్ల పరికరాలు ఎందుకు? ఒకదానిని చంపితే మరొకటి రాదా?

ఎండువాగు (శాన్ ఆంజెలో, టెక్సాస్):
మందకాపరి గారూ, మీ ప్రశ్న సరైనది, దానిని దాటవేయకూడదు. చంపితే మరొకటి వస్తుంది, తప్పక వస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున కానలీ, లాంగ్‌హర్స్ట్ 1975లో వేసిన లెక్క ప్రకారం, ఏటా నూటికి 75 కయోటీలను చంపుతూ పోయినా ఆ జాతిని తుడిచిపెట్టడానికి యాభై ఏళ్లకు పైగా పడుతుంది. జంతువులు తగ్గిన చోట మిగిలినవాటికి తిండి పెరిగి, ఎక్కువ ఆడవి ఈని, ఈతకు ఎక్కువ పిల్లలను బతికించుకుంటాయి. ప్రభుత్వమే దశాబ్దాల పాటు విషం పెట్టి, విమానాల నుంచి కాల్చి వేటాడినా, తోడేళ్లు పోయిన ఖాళీలో కయోటీ పడమటి మైదానాల నుంచి అట్లాంటిక్ తీరం దాకా విస్తరించింది. ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాలలోనూ ఉంది. కాబట్టి రాత్రి వేటతో కయోటీల సంఖ్య తగ్గుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

కానీ రైతు అడిగేది సంఖ్యను కాదు. ఈనే ఆరు వారాలలో, దొడ్డి దగ్గరకు రావడం మరిగిన ఆ ఒకటి రెండు జంతువులు అక్కడ లేకుండా పోవాలి. కొత్తది వచ్చి ఆ నేలను నేర్చుకునేలోగా దూడలు లేచి నిలబడతాయి. ఆ పరిమితమైన ప్రయోజనానికి ఈ వేట పనికొస్తుంది. మావిని పూడ్చడం, చచ్చిన దూడను వెంటనే తీసివేయడం, కుక్కలను పెట్టడం ముందు చేయవలసిన పనులు, ఇందులో మీరు చెప్పినది నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. మా ప్రాంతంలో మేకలు, గొర్రెలు ఉన్నవారు పెద్ద తెల్ల గ్రేట్ పిరనీస్ కుక్కలను, అనటోలియన్ కుక్కలను మందలోనే పుట్టించి పెంచుతారు. అయితే వేలాది ఎకరాలలో చెదిరి మేసే పశువులకు రాత్రంతా మనిషి తోడుండటం ఇక్కడ సాధ్యపడదు.

మందకాపరి (కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా):
ఆరు వారాలని చెప్పారు కాబట్టి అర్థం చేసుకున్నాను. సంఖ్య తగ్గించడానికని చెప్పి ఉంటే ఒప్పుకునేవాడిని కాదు.

పొడినేల (మోరిస్‌విల్, ఉత్తర కరోలినా):
థర్మల్‌లో వేడి మచ్చ కనబడగానే కయోటీ అనుకునేవారిని నేను చాలామందిని చూశాను. నా దృష్టిలో ఈ వేటలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం అదే, కాబట్టి కాస్త గట్టిగానే రాస్తాను. మా రాష్ట్రంలో డేర్, హైడ్, బోఫర్ట్, టిరెల్, వాషింగ్టన్ కౌంటీలలో ఎర్ర తోడేలు ఉంది. ప్రపంచంలో అది స్వేచ్ఛగా తిరిగే చోటు అదొక్కటే. పగలు చూసినా దానినీ కయోటీనీ వేరు చేయడం కష్టం. అందుకే 2014లో కోర్టు దాకా పోయిన తగాదా తరువాత ఆ అయిదు కౌంటీలలో కయోటీల రాత్రి వేటను ఆపేశారు. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వైపు ఉన్న సభ్యులు బూడిద తోడేలును గుర్తుపెట్టుకోవాలి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన కోర్టు తీర్పుతో దానికి ఫెడరల్ రక్షణ తిరిగి వచ్చింది.

గోధుమచేను గారికి తోడేలు బెడద లేదు గానీ, పశ్చిమ కాన్సాస్‌లో స్విఫ్ట్ నక్క ఉంది, పైగా పర్మిట్ కయోటీకి మాత్రమే. ఆ నక్క పిల్లి అంత ఉంటుంది, కానీ థర్మల్‌లో దూరం తెలియదు కాబట్టి వంద గజాలలోని నక్క రెండు వందల గజాలలోని కయోటీలా కనిపిస్తుంది. పగలే మీరు కూర్చునే చోటి నుంచి లేజర్ రేంజ్ ఫైండర్‌తో కంచె స్తంభాలకు, చెట్లకు దూరాలు కొలిచి కాగితం మీద రాసుకోండి. జంతువు పక్కకు తిరిగే దాకా ఆగండి. కయోటీ తోక కిందికి వేలాడుతుంది, నడక తేలికగా, చిన్న పరుగులా ఉంటుంది, చెవులు తలకు మించి నిటారుగా ఉంటాయి. తోక పైకి వంకర తిరిగి ఉంటే అది ఎవరిదో కుక్క. తోక, చెవులు రెండూ స్పష్టంగా కనబడకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. థర్మల్ ముళ్లతీగను చూపదు, సన్నని కొమ్మను చూపదు, వెనుక అర మైలులో ఉన్న ఇంటి కిటికీని కూడా చూపకపోవచ్చు.

గోధుమచేను (హేస్ సమీపం, పశ్చిమ కాన్సాస్):
అందరికీ కృతజ్ఞతలు. లైటు విషయం మిగిలిపోయింది. థర్మల్ కొనడానికి నాకు ఇప్పట్లో స్తోమత లేదు. ఎర్ర లైటుతో సరిపెట్టుకోవచ్చా? మరొకటి, పక్క పట్టణంలో కయోటీల వేట పోటీ ఉందని, జట్టులో చేరమని ఒకరు పిలిచారు.

తోడుకూత (షెరిడన్, వయోమింగ్):
సరిపెట్టుకోవచ్చు. కుక్క జాతి జంతువుల కంటికి నీలం, పసుపు రంగులు తెలుస్తాయి గానీ ఎరుపు మసకగానే తెలుస్తుంది, అందుకే ఎర్ర లైటు వాటిని తక్కువ బెదిరిస్తుంది. పూర్తి కాంతిని జంతువు ముఖం మీద వేయకండి. లైటును కాస్త పైకి ఎత్తి పట్టుకుని, కాంతి అంచు మాత్రమే నేలను తాకేలా నెమ్మదిగా తిప్పుతూ ఉంటే, కళ్ల మెరుపు చాలా దూరం నుంచే తెలుస్తుంది. మెరుపు కనబడ్డాక లైటును ఆర్పకూడదు, ఒంటిని ఊపకూడదు. ఆవు కళ్లు, జింక కళ్లు కూడా మెరుస్తాయి, కాబట్టి పొడినేల గారు చెప్పిన నియమం ఇక్కడ ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మంచు కురుస్తున్నప్పుడు లైటు గానీ పరారుణ లైటు వాడే నైట్ విజన్ గానీ తెల్లటి తెరలా మారుతుంది, ఆ రాత్రి మానుకోండి. నేల మీద మంచు పరచుకుని పున్నమి దగ్గరగా ఉంటే కంటికే చాలా దూరం కనిపిస్తుంది. కానీ మీరూ దానికి అంతే బాగా కనిపిస్తారు, తెల్ల దుస్తులు వేసుకుని ఏదైనా నీడలో కూర్చోండి.

నిర్వాహకులు:
పోటీల గురించి వేరే చర్చ తెరవవలసిందిగా కోరుతున్నాము. సమాచారం కోసం మాత్రం: కాలిఫోర్నియా 2014లో బహుమతుల కోసం జరిపే ఇటువంటి వేటను నిషేధించింది, వెర్మాంట్ 2018లో, న్యూ మెక్సికో 2019లో కయోటీ పోటీలను నిషేధించాయి. పోటీ చట్టబద్ధమైన రాష్ట్రాలలో కూడా, రైతు ఇచ్చిన అనుమతి మీ ఒక్కరి పేరు మీదనే ఉంటుందని, జట్టు మొత్తానికి కాదని గుర్తుంచుకోవాలి.

గంధపుచెక్క (బిల్లింగ్స్, మొంటానా):
చర్మం గురించి రెండు మాటలు. జనవరిలో పడమటి కయోటీ బొచ్చు నిండుగా, లేత రంగులో ఉంటుంది, ఒకప్పుడు కోటు అంచులకు దానికి మంచి గిరాకీ ఉండేది. ఉత్తర అమెరికా బొచ్చు వేలం సంస్థ 2019లో అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరడం, కెనడా గూస్ కంపెనీ బొచ్చు వాడకం ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించడంతో ఆ ధర పడిపోయింది. ఇప్పుడు పెట్రోలు ఖర్చు వస్తుందని ఆశించి ఈ పనికి దిగకండి.

ఒలిచేటప్పుడు రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి. వెంట్రుకలు రాలి చర్మం పెచ్చులు కట్టి ఉంటే అది గజ్జి, దానిని ముట్టకుండా రైతుకు చెప్పి పాతిపెట్టండి. ఉత్తర మైదానాలలో కయోటీ పేగులలో మనిషి కాలేయానికి ప్రమాదకరమైన ఒక సన్నని బద్దెపురుగు ఉంటుంది, దాని గుడ్లు మలంలోనూ బొచ్చు మీదా ఉండవచ్చు. పగటివేళ భయం లేకుండా తూలుతూ తిరిగే జంతువు కనబడితే రేబిస్ అనుమానించాలి. దక్షిణ టెక్సాస్‌లో కయోటీలలో పాకిన కుక్కల రేబిస్ రకాన్ని 1995 నుంచి చలికాలంలో విమానాల నుంచి టీకా ఎరలు జారవిడిచి అణిచారు, 2007లో దేశం ఆ రకం నుంచి విముక్తమైందని ప్రకటించారు. కానీ ఉడుములాగా కనిపించే స్కంక్ నుంచి, రకూన్ నుంచి వేరే రకాల రేబిస్ కయోటీకి ఇప్పటికీ సోకవచ్చు.

పొడినేల (మోరిస్‌విల్, ఉత్తర కరోలినా):
చిన్న సవరణ. స్కంక్ ఉడుములాగా ఉండదు, నలుపు తెలుపు చారలున్న బొచ్చు జంతువు. మిగతాదంతా సరే.

గోధుమచేను (హేస్ సమీపం, పశ్చిమ కాన్సాస్):
పర్మిట్ తీసుకున్నాను, కర్ర పాతాను, దూరాలు కొలిచాను. చివరిగా ఒక సందేహం. ఉత్తరం వైపు పక్క పొలం వారికి గొర్రెలు ఉన్నాయి, వాటితో ఒక గ్రేట్ పిరనీస్ కుక్క రాత్రంతా విడిగా తిరుగుతుంది. పిల్ల కీచు వేస్తే అది వచ్చే ప్రమాదం ఉందా?

ఎండువాగు (శాన్ ఆంజెలో, టెక్సాస్):
ఖచ్చితంగా ఉంది. కాపలా కుక్క కయోటీ కూతకు పరుగెత్తుకుని వస్తుంది, దాని పని అదే. థర్మల్‌లోనైనా ఎర్ర లైటులోనైనా తలవంచుకుని పరుగెత్తే తెల్ల కుక్క, ఎదురుగా ఉన్నంతసేపు, కయోటీ కంటే కాస్త లావుగా మాత్రమే కనిపిస్తుంది. వేటకు వెళ్లే రోజు మధ్యాహ్నమే పక్క పొలం వారికి ఫోన్ చేసి సమయం చెప్పి, ఆ రెండు మూడు గంటలు కుక్కను కొట్టంలో కట్టేయమని అడగండి. మంద దగ్గర కాపలా లేకుండా పోతుందని వారు ఒప్పుకోకపోతే, కూతలూ పిల్ల కీచూ పూర్తిగా మానేసి, ఎలుక కీచు, చెవులపిల్లి అరుపు తక్కువ స్థాయిలో వేయండి, వాయవ్యం వైపు కాల్చడం కూడా మానుకుని నైరుతి, పడమర మాత్రమే ఉంచుకోండి. వారి ఫోన్ నంబరు మీ దగ్గర, మీ ట్రక్కు గుర్తులు వారి దగ్గర ఉండాలి. అర్ధరాత్రి పొలంలో లైటు కనబడితే వారు ముందు షెరీఫ్‌కు ఫోన్ చేస్తారు.